లైసెన్సు కొత్తది, అడిగేది స్పోర్ట్స్ కారు: ఇవ్వాలా వద్దా ఎలా తేల్చుకోవాలి

ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ వస్తూనే ఉంది. "అన్నా, మావాడికి పద్దెనిమిది నిండాయి, లైసెన్సు కూడా వచ్చింది, చెన్నైలో సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ మస్టాంగ్ ఒకటుందంట, తీసివ్వొచ్చా?" అని నాన్నలు అడుగుతారు. "అన్నా, స్విఫ్ట్ పేరెత్తొద్దు, 150 పీఎస్ పైన ఏదైనా చెప్పు, ఇంట్లో ఎట్లా ఒప్పించాలో కూడా నువ్వే చెప్పు" అని పిలకాయలు అడుగుతారు. (పీఎస్ అంటే ఇంజిన్ పవర్ కొలత.) మా నెల్లూరు, ఒంగోలు వైపు రొయ్యల రేటు బాగున్న ఏడాది ఈ గోల ఇంకాస్త ఎక్కువ.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది వద్దు. ఆ తర్వాత కింద చెప్పినవన్నీ దాటితే ఆలోచించొచ్చు. అయితే "వద్దు" అంటే ఏ పిలకాయా వినడు, "ఎందుకు వద్దో లెక్క చూపించు" అంటాడు, ఆ మాటా న్యాయమే. కాబట్టి ఇద్దరూ కలిసి కూర్చుని చేసుకునేలా దీన్ని రాశాను. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: మన దేశంలో పద్దెనిమిదేళ్ల వాడు 400 పీఎస్ కారు కొంటానంటే ఆపే చట్టం లేదు. షోరూం వాడు ఆపడు. బ్రిటన్‌లో కుర్ర డ్రైవర్లకు ఇన్సూరెన్స్ ప్రీమియమే గుండె గుభేల్‌మనిపిస్తుంది, ఇక్కడ ఆ అడ్డు కూడా లేదు. మీరు ఆపకపోతే ఇంకెవరూ ఆపరు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- కారు బ్రోచర్, ఆర్సీ. పవర్ ఎంత, ఖాళీ బరువు ఎంత, గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ కారు అడుగుకీ మధ్య ఎత్తు) ఎంత అన్నవి కావాలి.
- డ్రైవ్ చేసేవాడి ఒరిజినల్ లైసెన్సు.
- ఇంట్లో ఇప్పటికే ఉన్న మామూలు కారు. లేకపోతే బాబాయిదో మామయ్యదో కొన్ని నెలలకు అడగండి.
- టైర్ ప్రెజర్ గేజ్, రెండు ఖాళీ అట్టపెట్టెలు, పొడవాటి టేపు.
- పక్కన కూర్చోడానికి అరవని మనిషి ఒకరు. అన్నిటికంటే దొరకడం కష్టం ఇదే. నాన్న అరిచే రకమైతే అమ్మనో మేనమామనో కూర్చోబెట్టండి.

1. వయసు, లైసెన్సు చూడండి

పద్దెనిమిది నిండకుండా రోడ్డు మీద కారు తోలకూడదు. "ఊళ్లోనే కదా, మైపాడు బీచ్ దాకా కదా" అనుకునే వాళ్లు మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ గురించి తెలుసుకోవాలి. మైనర్ తోలుతూ నేరం చేస్తే సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడుతుంది. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది, ఆ పిలకాయకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

ఎల్ఎల్ఆర్ మీద ఉన్నవాడైతే ఎల్ బోర్డు, పక్క సీట్లో లైసెన్సు ఉన్న మనిషి తప్పనిసరి. ఆ దశలో స్పోర్ట్స్ కారు సంగతి అసలు తలపెట్టకండి.

2. పవర్‌ని బరువుతో భాగించండి

సీసీ చూసి, సిలిండర్లు లెక్కబెట్టి పోట్లాడుకోవద్దు. కారు ఎంత చురుగ్గా దూకుతుందో చెప్పేది పవర్‌కీ బరువుకీ ఉన్న లెక్క. పీఎస్‌ని 0.7355తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. దాన్ని టన్నుల్లో ఉన్న బరువుతో భాగించండి. సుమారుగా ఇలా వస్తుంది:

- కొత్త స్విఫ్ట్ (82 పీఎస్): టన్నుకు 65 కిలోవాట్లు
- ఐ20 ఎన్ లైన్ (120 పీఎస్): 80 దరిదాపు
- వర్టస్ జీటీ 1.5 (150 పీఎస్): 90కి కాస్త లోపు
- మస్టాంగ్ జీటీ 5.0 వీ8 (దాదాపు 400 పీఎస్): 160 పైనే

ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్ లాంటి రాష్ట్రాల్లో కొత్త డ్రైవర్లు టన్నుకు 130 కిలోవాట్లు దాటిన కారు తోలడమే నిషేధం. అక్కడి రోడ్లకే 130 గీత గీశారంటే, మన సింగరాయకొండ దగ్గర గేదెలు అడ్డొచ్చే హైవేకి ఇంకా కిందే గీయాలి. మొదటి ఏడాదికి 70, రెండో ఏడాదికి 90. ఇది నేను పెట్టుకున్న గీత, చట్టం కాదు. మీరు 75 అనుకున్నా పోట్లాడను. 130 దాటినవి మాత్రం రెండో ఏడాది కూడా పక్కన పెట్టండి.

సాధారణంగా జరిగే పొరపాటు: బ్రోచర్‌లో పవర్ చూసి కొని, ఆ తర్వాత రీమ్యాప్ చేయించడం, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి పవర్ పెంచుకోవడం. కాగితం మీద 110 ఉన్న కారు 140 అయి కూర్చుంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేస్తే క్లెయిమ్ అప్పుడు అదే కొర్రీ అవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే పాత ఓనర్‌ని ఈ ప్రశ్న సూటిగా అడగండి, సైలెన్సర్ మార్చారేమో వంగి చూడండి.

3. మీ రోడ్డు మీద ఆ కారు నడుస్తుందా చూడండి

ఇది చదువుతుంటే నవ్వొస్తుంది గానీ, చాలా బేరాలు ఇక్కడే ఆగిపోతాయి. మస్టాంగ్ లాంటి వాటికి గ్రౌండ్ క్లియరెన్స్ 140 మిల్లీమీటర్ల లోపే, స్విఫ్ట్‌కి 163. టేపు తీసుకుని మీ సందులో ఉన్న స్పీడ్ బ్రేకర్ ఎత్తు కొలవండి. మా వైపు ఎవరింటి ముందు వాళ్లు సిమెంటుతో పోసుకున్న బ్రేకర్లు ఉంటాయి, వాటికి ఏ కొలతలూ ఉండవు. ఇంటి గేటు ర్యాంపు ఏటవాలు కూడా చూడండి.

కోతల టైములో ఇందుకూరుపేట, విడవలూరు, బుచ్చి వైపు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట ఆ రాళ్లు కనపడవు. కింద ఆనుకునే కారైతే ఒక్క రాయి చాలు, ఆయిల్ సంప్ పగిలిపోతుంది. వడ్ల మీద బ్రేకు వేస్తే ఏ కారైనా జారుతుంది, వెనక చక్రాలతో నడిచే పవర్ కారులో యాక్సిలరేటర్ తొక్కితే తోక తిరిగిపోతుంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలప్పుడు నెల్లూరులో మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయని అందరికీ తెలుసు. ఎత్తు తక్కువ కారులో నీళ్లు ఇంజిన్‌లోకి పోతే ఆగిపోతుంది, అప్పుడు మళ్లీ స్టార్ట్ చేయకూడదు. చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. మామూలు పాలసీ దీనికి డబ్బులివ్వదు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉండాలి.

4. ఏడాది ఖర్చు రాయండి

కారు ధర మాట వదిలేయండి, అది మీ ఇష్టం. దాన్ని నడపడానికి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద పెట్టండి. థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం 1500 సీసీ దాటితే 7,897 రూపాయలు, అది పెద్ద విషయం కాదు. అసలు బరువు ఓన్ డ్యామేజ్ (మన కారుకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్), జీరో డెప్ (పార్టుల అరుగుదల కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే యాడ్ ఆన్), టైర్లు, బ్రేకు డిస్కుల దగ్గర. స్పోర్ట్స్ కారు టైరు సైజు ఒకటి రాసుకుని నెల్లూరు ట్రంక్ రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో రెండు మూడు షాపుల్లో రేటు అడగండి, స్టాకు ఉందా అని కూడా అడగండి. లేదంటే చెన్నై నుంచి రావాలి, వచ్చేదాకా కారు షెడ్డులోనే.

ఖర్చుకు భయపడి చవక టైర్లు వేయించడం ఇక్కడ ఎక్కువగా చూసే తప్పు. 300 పీఎస్ కారుకు చవక టైర్లు వేయడం కంటే మంచి టైర్లున్న పాత స్విఫ్ట్ తోలడం ఎన్నో రెట్లు మేలు. ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లోనే ప్రకటించింది కాబట్టి పాత మస్టాంగ్ విషయంలో పార్టుల మాట కొనకముందే తేల్చుకోండి. వేరే రాష్ట్రం బండైతే ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా కలపండి, దళారి చెప్పే రేటులో అది ఉండదు.

5. మామూలు కారులో ఇవన్నీ చేయించండి

ఏడాది అన్నది క్యాలెండర్ లెక్క కాదు. ఏడాదంతా కాలేజీకీ ఇంటికీ తిరిగినవాడు కొత్త డ్రైవరే. కింద రాసినవి పక్కన మనిషి ఉండగా, ఏ మాటా చెప్పించుకోకుండా చేయగలగాలి:

- సాయంత్రం రద్దీలో గాంధీబొమ్మ సెంటర్ దాటి రివర్స్‌లో పార్కింగ్.
- రాత్రి ఎదురుగా హైబీమ్ కొట్టే లారీలున్న రెండు లైన్ల రోడ్డు. ఆత్మకూరు వైపైనా, కనిగిరి వైపైనా సరే.
- గట్టి వానలో కనీసం గంట.
- చీమకుర్తి గ్రానైట్ లారీ వెనకాల నిదానంగా పోవడం, ఓవర్‌టేక్ చేయకుండా. ఇది ఓపికకు పరీక్ష, ఎక్కువమంది తప్పేది ఇక్కడే.
- దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగడం. దిగేటప్పుడు బ్రేకు మీద కాకుండా గేరు మీద దిగాలి. కింద ఆగాక చక్రాల దగ్గర కాలిన వాసన వస్తే మళ్లీ చేయాలి.
- హైవే మీద డివైడర్ గ్యాపుల దగ్గర స్పీడు తగ్గించడం.

ఈ చివరిది కాస్త వివరంగా చెప్పాలి, పవర్ కారుతో అసలు చిక్కు ఇక్కడుంది. కోవూరు దగ్గరో కావలి దగ్గరో డివైడర్ గ్యాపులో టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద ఒక పెద్దాయన ఆగి ఉన్నాడనుకోండి, వెనక గడ్డిమోపు. ఆయన మీ కారు వైపు చూస్తాడు. 200 మీటర్ల దూరంలో కారు కనపడుతుంది. ఆయనకు తెలిసిన కార్లు 80లో వస్తాయి, అంటే తన దగ్గరకు రావడానికి 9 సెకన్లు. దాటడానికి ఆయనకు 6 సెకన్లు చాలు, కాబట్టి రోడ్డు మీదికి దిగుతాడు. మీవాడు 140లో వస్తుంటే చేతిలో ఉన్నది 5 సెకన్లే. పెద్దాయన లెక్క తప్పలేదు, మీవాడి స్పీడు ఆయన లెక్కలో లేదు. ఎంత బాగా తోలినా, రిఫ్లెక్సులు ఎంత బాగున్నా ఇది మారదు.

మామూలు కారు 140కి వెళ్లేసరికి అరుస్తుంది, స్టీరింగ్ వణుకుతుంది, భయం పుడుతుంది. మంచి స్పోర్ట్స్ కారులో 140 కూడా 80లాగే ఉంటుంది. కొత్తవాడికి భయం పుట్టించే గుణం ఆ కారులో లేకపోవడమే నా అభ్యంతరం. నాలుగు లైన్ల హైవే మీద కార్లకు గరిష్ఠ పరిమితి 100, ఊళ్ల దగ్గర బోర్డు మీద ఇంకా తక్కువ ఉంటుంది.

6. బ్రేకు పరీక్ష పెట్టండి

హైవే మీద కాదు, సర్వీస్ రోడ్డు మీద అంతకన్నా కాదు. ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్లు బోలెడున్నాయి, లోపల రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఓనర్‌ని అడిగి, ఉదయాన్నే వెళ్లండి. ముందు ఒకసారి నడిచి చూడండి, కుక్కలు, మేకలు, కంకర చూసుకోవాలి. సీటు బెల్టులు పెట్టుకోండి, వెనక సీట్లో వస్తువులేవీ ఉండకూడదు.

40లో వెళ్లి ఒక గీత దగ్గర బ్రేకు పూర్తిగా తొక్కమనండి. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తుంటే పెడల్ కాలి కింద గడగడ కొట్టుకుంటుంది. దాదాపు ప్రతి కొత్త డ్రైవరూ ఆ చప్పుడుకు భయపడి కాలు తీసేస్తాడు, అదే పెద్ద తప్పు. కాలు తీయకుండా చివరిదాకా తొక్కి ఉంచేదాకా మళ్లీ మళ్లీ చేయించండి. తర్వాత 60లో. ఆ తర్వాత అట్టపెట్టె పెట్టి, బ్రేకు తొక్కుతూనే దాన్ని తప్పించమనండి. ఎంత దూరంలో ఆగిందో టేపుతో కొలవండి.

పొడి రోడ్డు, మంచి టైర్లు, తేరుకోడానికి ఒక సెకను అనుకుంటే 60లో సుమారు 35 మీటర్లు, 100లో 77, 140లో 135 దాకా పడుతుంది. మీవాడిని ముందు అంచనా చెప్పమని, తర్వాత కొలవండి. ఎక్కువమంది సగమే చెబుతారు. ఆ టేపు చూశాక ముఖం మారుతుంది, మనం పెట్టే పది క్లాసులు చేయని పని అది చేస్తుంది.

వెంచర్ దొరక్కపోతే, లేదా రెండో ఏడాది నిజంగానే పవర్ కారు తీసుకుంటుంటే, చెన్నై దాటి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. రేసు ట్రాక్ మీద శిక్షకుడి పక్కన నేర్చుకోడానికి పెట్టే ఖర్చు, ఆ కారు టైర్ల ఖర్చుతో పోలిస్తే ఎక్కువేం కాదు. స్పీడు ముచ్చట తీర్చుకోడానికి కూడా అదే చోటు. హైవే మీద పందేలు కడితే 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా ఉంది.

7. తాళం ఇచ్చే ముందు షరతులు రాసుకోండి

నోటిమాట వద్దు, కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మా వాళ్లు నవ్వుతారు గానీ, పనిచేస్తుంది.

- మొదటి ఆరు నెలలు కారులో స్నేహితుడు ఒక్కడే. నలుగురు ఎక్కితే తోలేది ఒకడు కాదు, ఐదుగురు.
- రాత్రి పదకొండు తర్వాత ఒంటరిగా హైవే ఎక్కకూడదు.
- ట్రాక్షన్ కంట్రోల్, ఈఎస్పీ (రెండూ కారు జారకుండా చూసేవే) ఆఫ్ బటన్ ముట్టుకోకూడదు. రీల్ కోసం వెనక చక్రాలు తిప్పడానికే ఈ బటన్ వాడుతున్నారు.
- సీటు బెల్టు అలారం ఆపే క్లిప్ కారులో కనపడితే ఆ రోజే తాళం వెనక్కి.
- డాష్‌క్యామ్ ఉండాలి, స్పీడ్ అలర్ట్ 100 మీద పెట్టాలి.
- తాగి తోలితే ఇక ఆ కారు ఊసే లేదు. చట్టం ప్రకారం మొదటిసారికి 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, మన ఇంట్లో శిక్ష దానికి పైన.

తమ్ముడూ, ఇందులో నువ్వు కూడా ఒక షరతు పెట్టొచ్చు. "పక్కన కూర్చుని అరవొద్దు" అని రాయించుకో, ఆ హక్కు నీకుంది.

8. మధ్యే మార్గం కావాలంటే

100 నుంచి 120 పీఎస్ మధ్య టర్బో పెట్రోల్ కార్లు చూడండి. ఫ్రాంక్స్ టర్బో, ఐ20 ఎన్ లైన్, వర్టస్ 1.0 ఇలాంటివి. పొంగలి తిని పడుకున్న మనిషిలా ఉండవు, అలాగని మీద పడి కరవవు. మొదటి ఏడాది పూర్తి చేసి 5, 6 అంచెలు దాటినవాడికి ఇవి చాలా సరదాగా ఉంటాయి. వర్టస్, స్కోడా స్లావియాలకు 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఐదు స్టార్లు వచ్చాయి, కుర్రవాడికి కొనేటప్పుడు నేను పవర్ కంటే ముందు అదే చూస్తాను. పాత పోలో జీటీ కూడా మంచి బండే, 2022లో తయారీ ఆగింది కాబట్టి సర్వీస్ రికార్డు చూసి తీసుకోండి.

9. సరిగ్గా నడుపుతున్నాడా, ఎలా తెలుసుకోవాలి

అడిగితే "బాగానే తోలుతున్నా నాన్నా" అంటాడు. కారునే అడగండి.

ముందు టైర్లు చూడండి. పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది, 3223 అంటే 2023లో 32వ వారంలో తయారైంది. టైరు మార్చి కొద్ది నెలలే అయినా అంచులు మాత్రం అరిగిపోయి, ఈకలు లేచినట్టు గరుకుగా ఉంటే మలుపుల్లో స్పీడు ఎక్కువవుతోందని అనుమానించండి. అలైన్‌మెంట్ తేడా వల్ల కూడా అలా అవుతుంది కాబట్టి ముందు అది చూపించి తర్వాత అడగండి. గాడిలో ఉండే చిన్న గట్లతో రబ్బరు సమానమైతే 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందని లెక్క, ఇక మార్చాలి.

తర్వాత మైలేజీ. ఒకే దారిలో తిరుగుతూ లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు తగ్గిందంటే కాలు బరువెక్కిందని అర్థం. సర్వీస్‌కి ఇచ్చినప్పుడు బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయో మెకానిక్‌ని అడగండి. ఈ-చలాన్లు నెలకోసారి ఆన్‌లైన్‌లో చూసుకోండి.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష మాత్రం నాయనమ్మ. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా పోయి రమ్మనండి. వచ్చాక ఆమె కునుకు తీసిందంటే సరే. పై హ్యాండిల్ పట్టుకునే ఉందంటే, "ఏం లేదులే నాయనా" అని ఆమె వెనకేసుకొచ్చినా సరే, తాళం మీ దగ్గర పెట్టుకుని అయిదో అంచె నుంచి మళ్లీ మొదలుపెట్టండి.